ఇంధన గడ్డిని ఏ వయసులో కోయాలి? పొలంలోనే తేల్చుకునే పద్ధతి

ఇంధనం కోసం గడ్డి పెంచేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని రోజులకు కోయాలి?" అనే. దీనికి ఒకే అంకె చెప్పి ఊరుకునేవాళ్లను నేను పెద్దగా నమ్మను. అదే నేపియర్ గడ్డి రెండు నెలల వయసులో బయోగ్యాస్ డైజెస్టర్‌కి (గడ్డిని కుళ్లబెట్టి గ్యాస్ తీసే మూసిన ట్యాంకుకి) చక్కగా నప్పుతుంది. దాన్నే తెచ్చి బాయిలర్‌లో వేస్తే, బాయిలర్‌లో నీళ్లు మరిగించడం మానేసి తనలోని నీళ్లనే మరిగించుకుంటూ కూర్చుంటుంది. ఆరు నెలలు ముదిరిన గడ్డి సంగతి సరిగ్గా దీనికి తలకిందులు.

కాబట్టి కోత వయసంటే క్యాలెండర్‌లో వెతుక్కునే తేదీ కాదు. గడ్డి ఎక్కడికి వెళుతుంది, రోజుకు ఎంత పెరుగుతోంది, కోశాక దుబ్బు ఎలా కోలుకుంటోంది అనే మూడు విషయాల మధ్య కుదుర్చుకునే రాజీ అది. ఆ రాజీ మీ పొలంలో ఎక్కడ కుదురుతుందో మీరే ఎలా కనుక్కోవచ్చో వరుసగా చెబుతాను. ఎక్కువ ఉదాహరణలు నేపియర్ నుంచే తీసుకున్నాను, ఎందుకంటే ఏడాదిలో చాలాసార్లు కోసే గడ్డిలోనే వయసు ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. స్విచ్‌గ్రాస్, మిస్కాంథస్ లాంటి చలి ప్రాంతాల గడ్ల ప్రస్తావన సందర్భాన్ని బట్టి వస్తుంది.

మొదటి అడుగు: గడ్డి ఎటు వెళుతుందో తేల్చుకోండి

గడ్డి నుంచి శక్తి తీసే దారులు ముఖ్యంగా మూడు. సూక్ష్మజీవుల చేత కుళ్లబెట్టించి మీథేన్ తీయడం ఒకటి. పీచులోని చక్కెరలను విడగొట్టి ఇథనాల్ చేయడం రెండోది. నేరుగా మండించడం, లేదా గట్టిగా నొక్కి పెల్లెట్లు (చిన్న గుళికలు), బ్రికెట్లు (ఇటుకల్లాంటి ముద్దలు) చేసి మండించడం మూడోది. మొదటి దారికి లేత గడ్డి కావాలి, మూడోదానికి ముదురు గడ్డి కావాలి, రెండోది మధ్యలో ఎక్కడో ఊగుతూ ఉంటుంది. ఇది తేలకుండా పొలంలోకి కొలతల టేపు పట్టుకుని దిగితే ఆ కొలతలన్నీ వృథా.

రెండో అడుగు: వయసును సరిగ్గా లెక్కపెట్టండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. వయసంటే నాటిన నాటి నుంచి కాదు, కిందటి కోత నుంచి ఎన్ని రోజులైందో అది. కణుపులు నాటిన మొదటి పంటకు వేళ్లూనుకోవడానికే చాలా రోజులు పడుతుంది. కోశాక అదే దుబ్బు నుంచి లేచే పిలక పంటకు వేళ్లు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. కాబట్టి 60 రోజుల మొదటి పంటనూ 60 రోజుల పిలక పంటనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంకో చిక్కు ఉంది. వెచ్చగా, తడిగా ఉన్న 60 రోజులూ, చల్లగా, పొడిగా ఉన్న 60 రోజులూ ఒకటి కావు. అందుకే రోజులతో పాటు మొక్క ఎత్తు, కాండం మీద బయటపడ్డ కణుపుల సంఖ్య, కింద ఎండిన ఆకుల సంఖ్య కూడా రాసుకోవాలి. నా అనుభవంలో ఎండిన ఆకుల లెక్కే అన్నిటికన్నా నిజం చెబుతుంది. పైన ఒక కొత్త ఆకు వచ్చినప్పుడల్లా కింద ఒక ఆకు చచ్చిపోతోందంటే, ఆకుల సంఖ్యలో మొక్కకు ఇక నికర లాభం లేదన్నమాట.

మూడో అడుగు: ముదిరేకొద్దీ లోపల ఏం జరుగుతోందో చూడండి

ఒక దుబ్బు దగ్గర కూర్చుని కొడవలితో రెండు కాండాలు కోసి చూడండి. 45 రోజుల పిలకను కోస్తే కొడవలి మెత్తగా దిగిపోతుంది, కోసిన చోట ఆకుపచ్చ రసం ఊరుతుంది, వేళ్లతో నొక్కితే కాండం అణుగుతుంది. ఆరు నెలల కాండాన్ని కింది నుంచి మూడో కణుపు దగ్గర కోయబోతే కొడవలి జారుతుంది. రెండో దెబ్బ వేస్తే గానీ తెగదు. తెగిన చోట బయట గట్టి పెంకు, లోపల తెల్లటి బెండు కనిపిస్తాయి. ఆ పెంకులోనే కథంతా ఉంది.

పెరిగే దశలో కణం గోడ పలచగా, సాగేలా ఉంటుంది. కణం పూర్తి సైజుకు వచ్చాక దాని లోపలి వైపు ఇంకో మందపాటి గోడ కట్టుకోవడం మొదలవుతుంది. ఆ గోడలో సెల్యులోజ్ పోగులు ఇనుప చువ్వలనుకుంటే, లిగ్నిన్ వాటి చుట్టూ పోసిన కాంక్రీటు. కాంక్రీటు గట్టిపడితే మొక్క నిలబడగలుగుతుంది. కానీ సూక్ష్మజీవికి గానీ ఎంజైమ్‌కి గానీ చువ్వ దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోతుంది. మొక్కై వంగనిది మానై వంగదంటారు కదా, గడ్డి మానుగా మారేది ఈ లిగ్నిన్ వల్లే.

దీనితో పాటు మిగతా మార్పులు కూడా వస్తాయి. ఆకు వాటా తగ్గి కాండం వాటా పెరుగుతుంది. సుమారు ఆరు వారాల నేపియర్‌లో ముడి మాంసకృత్తులు పొడి బరువులో 10 శాతం పైనే ఉండొచ్చు, ఆరు నెలలకు అవి 5 శాతం దరిదాపుల్లోకి దిగిపోతాయి. నత్రజని, పొటాషియం, క్లోరిన్, బూడిద శాతాలు కూడా తగ్గుతాయి. ఆకులో కాండం కన్నా సిలికా, బూడిద ఎక్కువ కాబట్టి, ఆకు తగ్గితే బూడిద తగ్గడం సహజమే. తేమ 85 శాతం నుంచి మెల్లగా 70 శాతం వైపు దిగుతుంది.

చలి ప్రాంతాల బహువార్షిక గడ్లలో ఇంకొక విచిత్రం ఉంది. స్విచ్‌గ్రాస్, మిస్కాంథస్ పంటకాలం ముగిసేటప్పుడు ఆకుల్లోని నత్రజనిలో చాలా భాగాన్ని వేళ్లకు, భూమిలోని పసుపు కొమ్ముల్లాంటి కాండాలకు దించుకుంటాయి. మరుసటి ఏడాది అదే పెట్టుబడి. కోయడానికి తొందరపడితే ఆ పెట్టుబడిని మనం బండికెత్తుకుని పోయినట్టే.

నాలుగో అడుగు: పదిహేను రోజులకోసారి నమూనా తీయండి

ఈ పని చేయకుండా కోత వయసు నిర్ణయించడం చీకట్లో బాణం వేయడమే. పెద్ద ఖర్చేమీ లేదు. చదరపు మీటరు చట్రం, మంచి తూకం, కొడవలి, ఓవెన్ ఉంటే చాలు.

పొలం అంచులు వదిలేసి లోపల కనీసం నాలుగైదు చోట్ల చట్రం వేయండి. దుబ్బులు వరుసల్లో ఉంటాయి కాబట్టి ఒక్క చట్రంలో దుబ్బే పడొచ్చు, ఖాళీయే పడొచ్చు. వరుసల మధ్య దూరం ఎక్కువైతే చట్రానికి బదులు వరుసలో రెండు మీటర్లు కొలిచి కోయడం మేలు. తర్వాత ఆ రెండు మీటర్లను వరుసల దూరంతో గుణిస్తే విస్తీర్ణం వస్తుంది. అసలు కోతలో ఎంత ఎత్తులో కోస్తారో నమూనాను కూడా అంతే ఎత్తులో కోయాలి. కోసిన వెంటనే, అక్కడికక్కడే, పచ్చి బరువు తూచాలి.

ఆ గడ్డిని చిన్న ముక్కలుగా నరికి, బాగా కలిపి, అందులోంచి 500 గ్రాములు తీసుకోండి. 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు ఇక తగ్గడం లేదని తేలేదాకా ఆరబెట్టండి. మామూలుగా ఒక రాత్రీ పగలూ సరిపోతుంది. మిగిలింది 105 గ్రాములైతే పొడి పదార్థం 21 శాతం. పీచు, లిగ్నిన్ పరీక్షలకు ల్యాబ్‌కి పంపే నమూనాను మాత్రం 60 డిగ్రీల్లోనే ఆరబెట్టాలి. ఎక్కువ వేడికి చక్కెరలు, మాంసకృత్తులు కలిసి గట్టిపడి, లేని లిగ్నిన్ ఉన్నట్టు చూపిస్తాయి.

మొదట్లో నేనొక తప్పు చేశాను. ఒక విడత నమూనాలు పొద్దున్నే మంచు ఆరకముందే తీశాను, మరుసటి విడత మధ్యాహ్నం ఎండలో తీశాను. పదిహేను రోజుల్లో గడ్డి భలే ముదిరిందని పుస్తకంలో రాసేసుకున్నాను. నిజానికి ఆరింది ఆకు మీది మంచు మాత్రమే. అప్పటి నుంచి ప్రతి విడతా ఒకే వేళకు, ఆకు పొడిగా ఉన్నప్పుడే తీస్తున్నాను.

ల్యాబ్ నివేదికలో ఎన్‌డీఎఫ్ (తటస్థ డిటర్జెంట్‌లో కరగని పీచు), ఏడీఎఫ్ (ఆమ్ల డిటర్జెంట్‌లో కరగని పీచు), ఏడీఎల్ (ఆమ్ల డిటర్జెంట్ లిగ్నిన్) అని మూడు అంకెలు ఉంటాయి. ఎన్‌డీఎఫ్‌లోంచి ఏడీఎఫ్ తీసేస్తే హెమీసెల్యులోజ్ (కణం గోడలో సెల్యులోజ్‌తో పాటు ఉండే ఇంకో రకం పీచు) వస్తుంది, ఏడీఎఫ్‌లోంచి ఏడీఎల్ తీసేస్తే సెల్యులోజ్ వస్తుంది, ఏడీఎల్లే లిగ్నిన్. ప్రతి విడతా ల్యాబ్‌కి పంపక్కర్లేదు. పొడి పదార్థం మీరే చూసుకుని, పీచు పరీక్ష మొత్తం మీద మూడు వయసులకు చేయించుకుంటే చాలు.

ఐదో అడుగు: రోజువారీ సగటు గీయండి

ఇదే ఈ వ్యవహారానికి గుండెకాయ. లెక్క అర్థం కావడానికి ఒక ఊహా పొలం తీసుకుందాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, మీ పొలానివి వేరుగా వస్తాయి. బరువులన్నీ ఒక హెక్టారుకు.

| వయసు (రోజులు) | పచ్చి బరువు (టన్నులు) | పొడి పదార్థం (శాతం) | పొడి బరువు (టన్నులు) | రోజుకు సగటు (కిలోలు) |
|---|---|---|---|---|
| 45 | 20 | 15 | 3.0 | 67 |
| 60 | 33 | 17 | 5.6 | 93 |
| 90 | 52 | 21 | 10.9 | 121 |
| 120 | 60 | 25 | 15.0 | 125 |
| 150 | 61 | 28 | 17.1 | 114 |
| 180 | 58 | 31 | 18.0 | 100 |

పచ్చి బరువు చూసేవాడు 150 రోజులంటాడు. పొడి బరువు చూసేవాడు 180 అంటాడు. కానీ ఏడాదిలో ఆ నేల ఎంత ఇస్తుందన్నది పట్టికలోని చివరి నిలువు వరుస చెబుతుంది. 180 రోజుల చొప్పున ఏడాదికి రెండు కోతలైతే 36 టన్నులు. 120 రోజుల చొప్పున మూడు కోతలైతే 45 టన్నులు. చివరి 30 రోజులు ఆగితే వచ్చింది 0.9 టన్ను, అంటే రోజుకు 30 కిలోలే. ఆ నెల రోజులూ కొత్త పిలకలు దాదాపు ఖాళీ నేల మీద ఎండను అందుకుంటూ ఎదగాల్సిన రోజులు.

ఇప్పుడు ఈ లెక్కను మీథేన్‌తో గుణించి చూడండి. కిలో పొడి గడ్డికి వచ్చే మీథేన్ 60 రోజులప్పుడు 0.28 ఘనపు మీటర్లు, 90కి 0.24, 120కి 0.20, 180కి 0.15 అనుకుందాం. రోజుకు హెక్టారుకు వచ్చేది వరుసగా 26, 29, 25, 15 ఘనపు మీటర్లు. శిఖరం, అంటే రోజువారీ సగటు అన్నిటికన్నా ఎక్కువ వచ్చే వయసు, 120 నుంచి 90కి జరిగింది. లిగ్నిన్ ఎంత వేగంగా పెరిగితే శిఖరం అంత తక్కువ వయసు వైపు జరుగుతుంది. కిలోకి ఎక్కువ గ్యాస్ ఇచ్చేది లేత గడ్డే. అయినా హెక్టారుకు ఎక్కువ గ్యాస్ ఇచ్చేది మరీ లేత గడ్డి కాదు. ఈ రెండు వాక్యాలకూ తేడా పట్టుకోలేక ప్లాంటువాళ్లూ పొలంవాళ్లూ గంటల తరబడి వాదించుకోవడం చూశాను. ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే వాళ్లు భాగిస్తున్న అంకె వేరు.

ఆరో అడుగు: మీ దారికి తగ్గట్టు సవరించుకోండి

*డైజెస్టర్‌కి వెళుతుంటే.* సూక్ష్మజీవులకు కార్బన్, నత్రజని నిష్పత్తి 20 నుంచి 30 మధ్య ఉంటే హాయి. పొడి గడ్డిలో కార్బన్ సుమారు 45 శాతం. మాంసకృత్తులు 12 శాతం ఉన్న లేత గడ్డిలో నత్రజని 1.92 శాతం (మాంసకృత్తులను 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది), నిష్పత్తి సుమారు 23. మాంసకృత్తులు 5 శాతానికి పడిపోయిన ముదురు గడ్డిలో నత్రజని 0.8 శాతం, నిష్పత్తి 56. ఆ గడ్డి ఒక్కటే వేస్తే సూక్ష్మజీవులు నత్రజని చాలక నెమ్మదిస్తాయి, పేడ లాంటిది కలపక తప్పదు.

దీనికన్నా ముందు కనిపించే ఇబ్బంది ఇంకోటుంది. పొడవాటి ముదురు ముక్కలు పైకి తేలి గట్టి తెట్టు కట్టేస్తాయి, కలిపే రెక్కలకు చుట్టుకుంటాయి. గడ్డి ముదిరేకొద్దీ ముక్క సైజు తగ్గించాలి, అంటే నరకడానికి కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. డైజెస్టర్‌లో ఉంచాల్సిన రోజులూ పెరుగుతాయి. ట్యాంకు చిన్నదైతే నేను పైన వచ్చిన శిఖరం కన్నా రెండు మూడు వారాలు ముందే కోయమంటాను.

మాగుడు గడ్డిగా (సైలేజ్, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేసే పచ్చి గడ్డి) పాతరేయాలంటే పొడి పదార్థం 28 నుంచి 35 శాతం మధ్య ఉండాలి. లేత నేపియర్ నేరుగా పాతరేస్తే నీరు కారి, పులుపెక్కకుండా కుళ్లు వాసన వేస్తుంది. కోసి కొన్ని గంటలు వాడబెట్టాక పాతరేయడమే మందు. అందుకోసం వయసు పెంచడం మాత్రం తప్పు విరుగుడు.

*బాయిలర్‌కి వెళుతుంటే.* ఇక్కడ రెండు శత్రువులున్నాయి, తేమా బూడిదా. ముందు తేమ సంగతి. పూర్తిగా ఎండిన గడ్డి కిలోకి 17.5 మెగాజౌళ్ల వేడి ఇస్తుందనుకోండి. కిలో నీటిని ఆవిరి చేయడానికి 2.44 మెగాజౌళ్లు పోతాయి. తేమ 85 శాతం ఉన్న లేత గడ్డిలో చివరికి చేతికి మిగిలేది కిలోకి 0.55 మెగాజౌలు. 69 శాతం తేమతో ఉన్న ఆరు నెలల గడ్డిలో 3.7. అదే 20 శాతానికి ఆరితే 13.5. ముదరనిస్తే గడ్డి దానంతటదే ఆరుతుందనుకోవడం నేపియర్ విషయంలో భ్రమ అని ఈ అంకెలే చెబుతాయి. వయసు కొంత దూరమే తీసుకెళుతుంది, మిగతా పని ఎండదే. కట్టలు కట్టి నిల్వ చేయాలంటే తేమ 15 శాతం దరిదాపుల్లోకి రావాలి. లేకపోతే కట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

బూడిద సంగతి ఇంకా మొండిది. ఎండబెడితే నీళ్లు పోతాయి గానీ పొటాషియం, క్లోరిన్ పోవు. సిలికా ఒక్కటే అయితే 1,700 డిగ్రీలకు గానీ కరగదు. దానికి పొటాషియం తోడైతే అంతకన్నా ఎంతో తక్కువ వేడికే మెత్తబడి, చల్లారాక గాజులాంటి క్లింకర్‌గా గ్రేట్ (ఇంధనం కాలే ఇనుప చువ్వల అర) మీద అతుక్కుంటుంది. గడ్డపారతో పొడిస్తే ఖంగుమని మోగే ముద్ద అది. క్లోరిన్‌తో కలిసిన పొటాషియం ఆవిరై గొట్టాల మీద పేరుకుని లోహాన్ని తినేస్తుంది. లేత, ఆకు ఎక్కువ ఉన్న గడ్డిలో ఇవన్నీ ఎక్కువ. మండించే గడ్డిని ముదరనివ్వడానికి అసలు కారణం దిగుబడి కాదు, ఇదే.

పొటాషియం, క్లోరిన్ నీటిలో కరిగే లవణాలుగా ఉంటాయి కాబట్టి ఎండిన మొక్క మీద కురిసిన వాన వాటిని కడిగేస్తుంది. స్వీడన్, ఫిన్లాండ్‌లలో రీడ్ కానరీ గడ్డిని శీతాకాలమంతా పొలంలోనే వదిలేసి, వసంతంలో మంచు కరిగాక కోసే పద్ధతి ఇందుకే వచ్చింది. మిస్కాంథస్‌ని కూడా యూరప్‌లో శీతాకాలం చివర్లో, వసంతం మొదట్లో కోస్తారు. అప్పటికి తేమ 20 శాతం దగ్గరికి దిగి ఉంటుంది. దీనికి కట్టే మూల్యం ఆకు. శరదృతువులో ఉన్న దిగుబడిలో దాదాపు మూడో వంతు రాలి నేలపాలవుతుంది. రాలేది ఎక్కువగా బూడిద నిండిన ఆకే కాబట్టి నేనైతే దీన్ని పూర్తి నష్టం కింద రాయను, నేలకూ కొంత తిరిగి చేరుతుంది. గాలికి కాండాలు పడిపోయే చోట మాత్రం ఈ పద్ధతి జూదమే.

*ఇథనాల్‌కి వెళుతుంటే.* సెల్యులోజ్ 30 శాతం ఉన్న టన్ను పొడి గడ్డి నుంచి సిద్ధాంతపరంగా రాగలిగే ఇథనాల్ సుమారు 215 లీటర్లు. 38 శాతం ఉంటే సుమారు 273 లీటర్లు. ఈ అంకెలు చూస్తే ముదురు గడ్డే మేలనిపిస్తుంది. కానీ సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ కూడా పెరుగుతుంది, దాన్ని విడగొట్టడానికి వేడి, ఆమ్లం లేదా క్షారం, ఎంజైమ్ అన్నీ ఎక్కువ పట్టుతాయి. కాబట్టి ఇక్కడ కోత వయసు మీ చేతుల్లో కన్నా ఫ్యాక్టరీలోని ముందస్తు శుద్ధి పద్ధతి చేతుల్లో ఉంటుంది. వాళ్లు ఏ లిగ్నిన్ శాతం దాకా తట్టుకోగలరో అడిగి, ఆ శాతం దాటకముందే కోయండి.

ఏడో అడుగు: దుబ్బు మాట వినండి

కోసిన మరునాటి నుంచి కొత్త ఆకు విచ్చుకునేదాకా దుబ్బు తన వేళ్లలో, మొదళ్లలో దాచుకున్న పిండి పదార్థం మీదే బతుకుతుంది. ఆ నిల్వ మళ్లీ నిండకముందే కోస్తే ప్రతిసారీ అప్పు పెరుగుతుంది. ఒకటి రెండు కోతల దాకా ఏమీ తెలియదు. తర్వాత పిలకలు సన్నబడతాయి, దుబ్బు నడుమ ఎండి చుట్టూ మాత్రమే చిగురిస్తుంది, ఖాళీల్లో కలుపు లేస్తుంది. నేపియర్‌ని నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల పైన కోయాలి. నేలకు ఆనించి కోస్తే మొదళ్ల దగ్గరి మొగ్గలు పోతాయి, గడ్డిలో మట్టి కలిసి బూడిద కూడా పెరుగుతుంది.

ఎరువు లెక్క కూడా వయసుతో ముడిపడి ఉంది. 12 శాతం మాంసకృత్తులున్న ప్రతి టన్ను పొడి గడ్డితో పాటు పొలం నుంచి 19 కిలోల నత్రజని వెళ్లిపోతుంది. 5 శాతం ఉన్న గడ్డితో 8 కిలోలే. లేత గడ్డి కోసేవాళ్లు డైజెస్టర్ స్లర్రీని (గ్యాస్ తీశాక మిగిలే చిక్కటి ద్రవాన్ని) వెనక్కి తెచ్చి పోయకపోతే రెండో ఏడాదికే నేల చేతులెత్తేస్తుంది. స్లర్రీ తిరిగి వచ్చే ఏర్పాటు లేనిచోట లేత కోత పెట్టుకోవద్దని నా సలహా.

పంట కాలం ఆఖరి కోత విషయంలో ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. చలి గానీ కరువు గానీ వచ్చేలోపు దుబ్బు మళ్లీ చిగురించి నిల్వ నింపుకునేంత సమయం ఉండాలి. అంత సమయం లేకపోతే ఆ కోత వదిలేసుకుని, మొక్క పూర్తిగా నిద్రలోకి జారుకున్నాక కోయడం మంచిది.

ఎనిమిదో అడుగు: ఒక రోజు కాదు, ఒక వరుస పెట్టుకోండి

ప్లాంటుకు గడ్డి రోజూ కావాలి. పొలమంతా ఒకేరోజు 90 రోజులకు చేరితే, చివరి మడి కోసేసరికి అది 120 దాటిపోతుంది. అందుకని లెక్కలో వచ్చిన వయసుకు అటూ ఇటూ పది రోజుల వెసులుబాటు పెట్టుకుని, ఆ వయసులో ఎన్ని వారాలుంటే పొలాన్ని అన్ని మడులుగా విడగొట్టండి. 90 రోజుల చక్రానికి 13 మడులు, వారానికొకటి. మొదటి చక్రంలో మడుల మధ్య తేడా కావాలని సృష్టించాలి. కొన్ని ముందే కోయాలి, కొన్ని ఆపాలి. ఆ చక్రంలో కొంత గడ్డి తప్పు వయసులోనే తెగుతుంది, అందుకు సిద్ధపడండి.

వానలకు బండి దిగబడి ఒక మడి తప్పిపోతే, వెనక్కి వెళ్లి దాన్ని పట్టుకోవాలని చూడకండి. ఆ వారం వయసు కుదిరిన మడినే కోసి, తప్పిపోయినదాన్ని ముదరనిచ్చి ఎండబెట్టి బాయిలర్‌కో పెల్లెట్లకో పక్కన పెట్టండి. మడి నంబరు, కిందటి కోత తేదీ, ఎత్తు, ఎండిన ఆకులు, పచ్చి బరువు, పొడి పదార్థం శాతం, ఈ ఆరింటికీ పుస్తకంలో ఆరు గళ్లు గీసుకోండి. రెండు చక్రాలు తిరిగేసరికి పైన వేసిన ఊహా పట్టిక స్థానంలో మీ పొలం సొంత పట్టిక తయారై ఉంటుంది, శిఖరం ఎక్కడుందో అదే చూపిస్తుంది.